కొండెక్కిన కొండ

హైదరాబాదుకు ప్రపంచస్థాయి థీమ్ పార్కు కావాలని మన పెద్దలకు అప్పుడప్పుడు ఆవేశం వస్తుంటుంది. స్థలం వెతుకుతారు, కన్సల్టెంటును పెడతారు, సకుటుంబంగా విదేశాలు చుట్టి వస్తారు. ఇంత శ్రమ దేనికో అర్థం కాదు. పార్కు ఎప్పుడో వచ్చేసింది. దాని పేరు జూబ్లీహిల్స్. అందులో ఖరీదైన టికెట్టు పెట్టదగ్గ భాగం పేరు ఫిల్మ్‌నగర్. హోటళ్లున్నాయి. క్యూలున్నాయి. యూనిఫాం వేసుకుని ఈల ఊదే మనుషులున్నారు. చెట్లకు రంగుదీపాలున్నాయి, అర్ధరాత్రి దాకా సంగీతముంది, తాగడానికి ట్యాంకరు నీళ్లున్నాయి, తాగడానికి ఇంకా చాలా ఉన్నాయి. లేనిదల్లా టికెట్ కౌంటరు. అడ్డల్లా ఒక్కటే: పార్కు లోపల కొందరు ఇంకా కాపురాలు చేస్తున్నారు.

ఈ అడ్డు తొలగించే మార్గం ఫిల్మ్‌నగర్‌లో ఉండే ఒక మాజీ ప్రొడక్షన్ మేనేజరు గారు కనిపెట్టారు. ఆయన మద్రాసులో పని నేర్చుకున్న మనిషి. నూటయాభై మంది యూనిట్‌ను నూరు ఇడ్లీలతో మధ్యాహ్నం దాకా నడిపించిన ఘనుడు. "ఏమండీ, గవర్నమెంటు పైసా పెట్టక్కర్లేదు. సెట్టు వేసేసి ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఓ ఆర్చి పెట్టి కొబ్బరికాయ కొట్టడమే తరువాయి," అన్నారు. కొట్టబోయే కాయకు కూడా ఓచరు రాసుకున్న ఆ ప్రాజెక్టు రిపోర్టు పేరు 'జూబ్లీ రిసార్టు'. ప్రజాప్రయోజనం దృష్ట్యా ముఖ్యాంశాలు ఇక్కడ పెడుతున్నాను.

మొదటి అధ్యాయం, విదేశీ అనుభవం. అది లేకపోతే మన దగ్గర ఫైలు కదలదు. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో నారింజ తోటలు తీయించి డిస్నీలాండ్ తెరిచాడు. లోపల కోట కట్టాడు, నది పారించాడు, రైలు నడిపాడు. చుట్టుపక్కల నేల కొనడానికి మాత్రం చేతిలో డబ్బు మిగల్లేదు. చూస్తుండగానే గోడ అవతల మోటెళ్లు, నియాన్ బోర్డులు బారులు తీరాయి. కోట చూద్దామని వచ్చినవాడు ముందు 'గదులు ఖాళీ' బోర్డులు చూడాలి. ఇది డిస్నీకి తీరని కడుపుమంట. అందుకని రెండోసారి ఫ్లోరిడాలో, తన పేరు బయటికి రాకుండా, ఊరూపేరూ లేని కంపెనీల మీద 27 వేల ఎకరాలకు పైగా కొన్నాడు. ("అక్కడిదాకా అచ్చం మన పద్ధతే," అని మేనేజరు గారు పక్కన పెన్సిలుతో రాసుకున్నారు.) 1966లో ఆయన పోయాడు. 1971లో పార్కు తెరిచిన రోజున ఆ సామ్రాజ్యం మొత్తానికి హోటళ్లు రెండు. ఇవాళ పాతికకు పైనే. బయటివాళ్లు హోటళ్లతో చుట్టుముడతారని భయపడి అంత నేల కొంటే, ఆ పని ఆయన కంపెనీయే దగ్గరుండి చేసుకుంది.

దేశీయ అనుభవం కూడా ఉంది. 1996లో విజయవాడ రోడ్డు మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణమని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అందులోనూ సితార, తార అని హోటళ్లున్నాయి. అయితే దానికో గేటుంది. సెట్టు ఎక్కడ అయిపోతుందో, ఊరు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. చూడ్డానికొచ్చినవాడు పొద్దుపోయేసరికి బస్సెక్కుతాడు. జూబ్లీ రిసార్టు విశిష్టత అక్కడే ఉంది. ఇక్కడ గోడ లేదు, వేళ లేదు. మీ పడకగదికీ పక్కింటి డాన్స్ ఫ్లోరుకీ మధ్య ఉన్నది బోగన్‌విల్లా కంచె ఒక్కటే.

రెండో అధ్యాయం, స్థలపురాణం. ఈ కొండ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గాలీ వానా కలిసి గ్రానైటును అన్ని యుగాలపాటు చెక్కి, బండ మీద బండ నిలబెట్టి, చూసేవాడి గుండె ఆగేలా అమర్చి పెట్టాయి. 1960ల్లో చల్లగళ్ల నరసింహం వంటి వారు సహకార సంఘం పెట్టి షేక్‌పేట, హకీంపేట వైపు దాదాపు 1,400 ఎకరాల్లో ఇళ్ల స్థలాలు వేస్తుంటే ఊళ్లోవాళ్లు నవ్వారట. రాళ్లలో ఎవరుంటారు, రాత్రిపూట నక్కలు కూస్తాయి అని. ఆ నక్కలే నయం. వాటికి డీజే తెలియదు.

అప్పట్లోనే ప్రభుత్వం సినిమా వాళ్లను మద్రాసు వదిలి రమ్మని బతిమాలుతోంది. అక్కినేని ముందుగా వచ్చేసి, 1976లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియో. వాటి చుట్టూ ఫిల్మ్‌నగర్. రాళ్ల కోసం, గాలి కోసం, ఎవరి గోలా లేని చోటు కోసం జనం కొండెక్కారు. ఎక్కగానే చేసిన మొదటి పని రాళ్లు పేల్చడం. ఎంతలా పేల్చారంటే, 1996లో రాళ్లను కాపాడుకోవడానికి ఈ ఊళ్లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని ఒక సంఘమే పుట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అదే కొండ మీద కొత్త హోటలు కట్టేవాడు అసలు బండను మందుపెట్టి పేల్చి, ఆ చోట ఫైబరు బండ పెట్టి, దాని మీంచి మోటారు జలపాతం దూకిస్తున్నాడు. సహజ వాతావరణం కావాలిగా మరి. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

మూడో అధ్యాయమే రిపోర్టుకు ప్రాణం. ఇల్లు హోటలయ్యే విధానాన్ని మేనేజరు గారు స్క్రీన్‌ప్లేగా రాశారు.

మొదటి సీను: వెయ్యి గజాల ప్లాటు, మేడ, మామిడిచెట్టు, ముసలి దంపతులు. పిల్లలు డల్లాస్‌లో. రెండో సీను: కింది వాటా బొటిక్‌కు అద్దెకు. "అమ్మాయిలే వస్తారు, గొడవుండదు." మూడో సీను: బొటిక్ పోయి కాఫీ షాపు. "చదువుకున్నవాళ్లే వస్తారు, గొడవుండదు." నాలుగో సీను: డాబా మీద రేకుల షెడ్డు. తాత్కాలికం. మన దేశంలో తాత్కాలికానికి ఉన్న ఆయుష్షు దేనికీ లేదు. ఇంటర్వెల్ బ్యాంగ్: దంపతులు కోకాపేటలో ఎక్కడో ముప్పయ్యో అంతస్తులోకి మకాం. రెండో సగం: ప్రహరీ మాయం, మామిడిచెట్టు మాయం, సెల్లారులో కార్లు ఉండాల్సిన చోట వంటగది, కార్లు మీ గేటు ముందు. క్లైమాక్స్: కార్పొరేషన్ వారి నోటీసు. యాంటీ క్లైమాక్స్: కోర్టు స్టే. శుభం.

"పాట ఎక్కడొస్తుందండీ?" అని అడిగాను.

"రాత్రి పదకొండుకి. రోజూ వస్తుంది. మీరు వద్దన్నా వస్తుంది."

ఈ కథలో చట్టం పాత్ర లేదనుకోకండి. ఉంది, గెస్ట్ రోల్. కొన్ని రోడ్లను ప్రభుత్వమే కమర్షియల్ అని ప్రకటించింది. ఆ రోడ్డు మీద వ్యాపారానికి కట్టుకుంటే ఇంపాక్ట్ ఫీజు కట్టాలి. పక్కవాళ్ల మీద పడే భారానికి వెల అన్నమాట. భారం పక్కవాడి మీద, ఫీజు ఖజానాకి. పక్కవాడికి రశీదు కూడా ఇవ్వరు. కమర్షియల్ కాని లోపలి రోడ్ల మీద వెలిసినవాటికి, ప్లానుకు మించి లేచిన అంతస్తులకు వేరే దారి ఉంది: ముందు కట్టెయ్, తర్వాత చూసుకుందాం. 2007లో భవనాల క్రమబద్ధీకరణ పథకం పెట్టారు. ఇదే ఆఖరి అవకాశం అన్నారు. 2015లో బీఆర్‌ఎస్ అని ఇంకో ఆఖరి అవకాశం వచ్చింది. అది హైకోర్టులో చిక్కుకుంది. ప్లాను ప్రకారం ఇల్లు కట్టుకున్న అమాయకుడికి మాత్రం ఇంతవరకు ఏ పథకమూ రాలేదు.

అలా ఇల్లు పోయిన ఒకచోట పాత వాచ్‌మన్ ఇంకా ఉన్నాడు. పాలమూరు మనిషి. ఎలా ఉందయ్యా అంటే, "ఏముంది సార్, గప్పుడు గేటు తీస్తె మా సారు కారొక్కటే లోపటికొచ్చేది. గిప్పుడు గేటే లేకపాయె. ఎవరొచ్చినా నమస్తే పెట్టుడు, తాళంచెవులు తీస్కొనుడు. ఇల్లు పోయింది, నౌకరి ఉన్నది," అన్నాడు. ఈ కొండ మీద జరిగిన భూవినియోగ మార్పు మీద ఇంత చిన్న నివేదిక నేనెక్కడా చదవలేదు.

నాలుగో అధ్యాయంలో రైడ్లున్నాయి. పార్కుకొచ్చిన పిల్లలు నిరాశపడకూడదు కదా.

ఒకటి, 'నత్త ఎక్స్‌ప్రెస్'. 36వ నంబరు రోడ్డు మీద శనివారం రాత్రి ఎక్కొచ్చు. నెత్తిన 2019 నుంచి మెట్రో పరిగెడుతుంటుంది, కింద మీరు కదలరు. ఎడంవైపు కారు తీసుకొమ్మని వ్యాలెట్ కుర్రాడు, కుడివైపు కారు తీయమని పోలీసు. రెండోది, 'సింగపూర్ ఫీలింగ్'. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు, దానికి 45వ నంబరు రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ కలిపారు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు దారి తగ్గుతుందన్నారు. తగ్గిన ఆ కాసేపటినీ తినడానికి రోడ్డు పొడుగునా రెస్టారెంట్లు తయారయ్యాయి.

మూడోది, 'జంగిల్ సఫారీ'. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు 1998 నుంచి జాతీయ ఉద్యానవనం. అంటే కాజీరంగా, కన్హాలతో ఒకే పంక్తిలో కూచోదగినది. జాతీయ ఉద్యానవనం చుట్టూ జీవావరణానికి భంగం కలగకుండా కొంత జాగా రక్షణ వలయంగా వదలాలి. ఈ కొండ మీద ఆ వలయాన్ని 2020లో కొలిచి ఖరారు చేశారు: కొన్నిచోట్ల 29.8 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లు. 3 మీటర్లంటే కారును అడ్డంగా పెడితే ముందు చక్రాలు పరిరక్షణలో, వెనక చక్రాలు నాగరికతలో. పార్కులోని నెమళ్లకు ఇంకా కొంత ప్రశాంతత మిగిలిపోయిందని 2024లో పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లకు, అండర్‌పాసులకు 826 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ట్రాఫిక్ ఎందుకొచ్చిందో అడగడానికి మాత్రం ఒక్క రూపాయీ ఖర్చు కాలేదు.

నాలుగోది, 'జలవిహారం', రెండు భాగాలు. ఎండాకాలం కొండపైన: బోర్లు గ్రానైటులోకి ఎంత దిగినా దుమ్మే. కృష్ణా, గోదావరి నీళ్లు వందకుపైగా కిలోమీటర్లు పైపుల్లో నడిచొచ్చి, ట్యాంకరెక్కి, మీ వీధి మలుపులో హోటలు వెనక సంపులో దిగుతాయి. వానాకాలం కొండ కింద: బండలు పోయి, మట్టి పోయి, పైనంతా సిమెంటయ్యాక పడ్డ వాన పడ్డట్టే జారి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధుల్లోకి వస్తుంది. మోటారు సైకిళ్లు తేలుతూ పోతుంటే జనం వెనక పరిగెడతారు. వేరే దేశాల్లో దీనికి లైఫ్ జాకెట్టు ఇచ్చి డబ్బులు వసూలు చేస్తారు.

అయిదోది, 'ధ్వని ప్రదర్శన'. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతాయి. మొగుడూ పెళ్లాలు మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై ఉంటుంది. అంటే రాత్రి పది దాటాక ఈ కొండ మీద చట్టప్రకారం గుసగుసలే ఆడాలి. పక్కన పబ్బు ఉంటే గుసగుస వినపడదు, అరవాలి. అప్పుడు తప్పు మనదవుతుంది. జూబ్లీహిల్స్ వాసుల సంఘం ఒకటి విసిగి హైకోర్టుకెక్కింది. 2022 సెప్టెంబరులో కోర్టు రాత్రి పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దంది. అప్పీలులో డివిజన్ బెంచ్ ఆ ఆంక్షను జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకు పరిమితం చేసింది. పదకొండో పబ్బు పక్కన ఇల్లున్నవాడు ఇప్పుడు జాతకం చూపించుకుంటున్నాడు.

అయిదో అధ్యాయం ఫిల్మ్‌నగర్. పార్కన్నాక బొమ్మ వేషాలేసుకుని తిరిగేవాళ్లుండాలి, మనకు నిజం తారలే ఉన్నారు. "పొద్దున్నే గేటు ముందు జనం నిలబడుతున్నారు, పుట్టినరోజుకి పాలాభిషేకాలు చేస్తున్నారు. అంతా ఫ్రీ! దానికో టైమింగు పెడదామండీ," అన్నది మేనేజరు గారి సూచన. షూటింగు మాత్రం కొండ మీద ఎందుకంటారాయన. శంకర్‌పల్లి దాకా ఖాళీ ఉంది, గ్రీన్‌మ్యాట్ ఉంది. సినిమా తీసే స్టూడియో గజం విలువను కాఫీ అమ్మే గజం విలువతో పోలిస్తే ఏ చార్టర్డ్ అకౌంటెంటూ సినిమావైపు నిలబడడు. కథ చెప్పేవాడూ వినేవాడూ అద్దెకు దొరికే టేబుల్ దగ్గరే కలుస్తున్నారు. ఇండస్ట్రీ అంతా కూర్చున్నది హోటల్లోనే అయితే ఇక స్టూడియో ఎందుకు?

"మరి పనివాళ్లో?" అన్నాను. ఆయన కాసేపు లెక్కలు వదిలేశారు. కృష్ణానగర్ అడ్డా మీద వేషం కోసం నిలబడ్డ కుర్రాడు సాయంత్రం ఇక్కడ ట్రే పట్టుకుంటాడు. ఫిల్మ్‌నగర్ పక్క బస్తీల ఆడవాళ్లు వంటగదుల్లో గిన్నెలు తోముతారు. హోటళ్లు మూసేయండి అని మేడ మీంచి తేలిగ్గా అనేవాళ్లు ఆ ఇళ్ల పొయ్యి సంగతి చూడాలి. ఆ మాటకొస్తే ఆ బల్లల దగ్గర కూర్చునేది కూడా మనమే. పక్కింట్లో పబ్బు పెడితే పిటిషను వేసేవాడు, పక్క వీధి పబ్బులో టేబుల్ దొరక్కపోతే అలుగుతాడు.

కానీ ఆ పొయ్యి పేరు చెప్పి నియమం ఎగ్గొట్టేవాళ్ల సంగతి కూడా చూడాలి. 2016 జులైలో ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్‌లో కడుతుండగా పోర్టికో కూలింది. ఇద్దరు కూలీలు శిథిలాల కింద చనిపోయారు. అనుమతుల మాట అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ఆ తర్వాత మరిచిపోయారు. 2024లో ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పుట్టింది, ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర చెరువు హద్దులో ఉందని ఎన్ కన్వెన్షన్‌ను కూల్చింది. ఊరంతా ఛానళ్ల ముందు కూర్చుని చూసింది. కట్టేటప్పుడు ఇటుక ఇటుకా కళ్లముందే లేస్తుంటే చూడనిది, కూల్చేటప్పుడు లైవ్‌లో చూస్తాం. కట్టడాన్ని ఆపడంలో వినోదం లేదు. అందుకే ఆపరు.

ఇక్కడ మేనేజరు గారికీ నాకూ తగువొచ్చింది. ఆయన లెక్క ప్రకారం హోటళ్లెన్ని పెరిగితే రిసార్టు అంత పెరుగుతుంది. నా అనుమానం వేరు. హోటలుకు అనుమతిచ్చే ఫైలులో ఆ ఒక్క ప్లాటే ఉంటుంది: ఇంత సెట్‌బ్యాక్, ఇంత ఎత్తు, ఇన్ని కార్లు. అన్నీ సరిగ్గానే ఉండొచ్చు. కానీ రోడ్డు మోసేది ఒక ఫైలును కాదు, వీధిలోని ఫైళ్లన్నిటినీ. అదే మురుగు పైపు, అదే ట్యాంకరు, అదే మలుపు. ఈ కొండ ఇంకెన్ని వంటగదులను మోయగలదు అని మొత్తం కూడి చూసే కుర్చీ ఏ ఆఫీసులోనూ లేదు. అనాహైమ్‌లో ప్రతి మోటెలూ దాని స్థలంలో అదే కట్టుకుంది. ఎవరూ కోటను కూల్చలేదు. కోట కనపడకుండా పోయింది, అంతే.

మన కొండకు కోట కూడా లేదు. చూడవలసినవి బండలు, చెట్లు, ఆ చల్లగాలి, స్టూడియోలు, వాటి మధ్య బతికే మనుషులు. వాటి మీద మోజుతోనే హోటలొచ్చింది. ఒక్కో హోటలూ వాటిలో ఒకదాన్ని పక్కకు జరిపి కూర్చుంది. ఇక అద్దాల గోడ పక్కన టేబుల్‌కు ఎక్కువ డబ్బు కట్టి కూర్చున్నవాడికి కనపడేదేమిటి? ఎదురు హోటల్లో అద్దాల గోడ పక్కన కూర్చుని ఇటు చూస్తున్న ఇంకొకడు.

"మరి ఎవరికైనా చెప్పుకోండి," అన్నారు మేనేజరు గారు. చెప్పుకుందామనే చూశాను. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ అసెంబ్లీ ఉపఎన్నిక జరిగింది. రాష్ట్రమంతా జూబ్లీహిల్స్, జూబ్లీహిల్స్ అని హోరెత్తింది. తీరా చూస్తే ఆ నియోజకవర్గంలో యూసుఫ్‌గూడ ఉంది, బోరబండ ఉంది, రహమత్‌నగర్ ఉంది. జూబ్లీహిల్స్ కొండ చాలాభాగం, ఫిల్మ్‌నగర్‌తో సహా, ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. కొండ మీద నీళ్లు కిందికి జారినట్టే పేరు కూడా కిందికి జారిపోయింది. ఆ ఉపఎన్నికలో సగం మంది ఓటర్లు కూడా బూత్‌కు రాలేదు. కొండ మీదివాళ్లకు అసలు ఆ అవకాశమే లేదు కనుక నిశ్చింతగా టేబుల్ బుక్ చేసుకున్నారు.

అందుచేత నేను రాజీకొచ్చాను. మేనేజరు గారి రిపోర్టుకు పూర్తి మద్దతు తెలుపుతూ ప్రభుత్వానికి ఒక విన్నపం జతచేస్తున్నాను. జూబ్లీహిల్స్‌ను రిసార్టుగా ప్రకటించండి. హోటళ్లకు ఇక అనుమతులతో పని లేదు, అది వాటి జోనే. అప్పుడు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నవాళ్లం మేమొక్కరమే మిగులుతాం. రాత్రి పదింటికి దీపం ఆర్పేవాళ్లం, సెల్లారులో కారు పెట్టేవాళ్లం, డాబా మీద వడియాలు ఆరబెట్టేవాళ్లం. మాకోసం ఇంకొక్క బీఆర్‌ఎస్ పెట్టండి. ఇదే ఆఖరి అవకాశం అని మామూలుగానే ప్రకటించండి. కొండ మీద అనధికారికంగా సాగుతున్న మా కాపురాలను క్రమబద్ధీకరించండి. మేము నిద్రపోవడం వల్ల పక్క హోటలు వ్యాపారానికి కలిగే నష్టం ఎంతో లెక్కగట్టి చెబితే, ఇంపాక్ట్ ఫీజు వాయిదాల్లో కట్టుకుంటాం. రశీదు మాత్రం ఇప్పించండి.